గట్టు మీది పుత్లి

మీటరు మరీ ఎత్తులో ఉంది. నిస్సార్ మునివేళ్ళ మీద లేచి, ఫోను పట్టుకున్న చేతిని పైకి చాచి, అద్దం మీద ఎండ మెరవకుండా రెండో అరచేతిని అడ్డం పెట్టి ఫొటో తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకున్నాడు. నడుముకు వేలాడుతున్న చిన్న మిషను కిరకిరమంటూ కాగితాన్ని బయటికి తోసింది. దాన్ని చించి తలుపు గొళ్ళానికి గుచ్చి, "బిల్లమ్మా!" అని లోపలికి ఒక కేక వేసి పక్కింటివైపు కదిలాడు.

అడుగు ముందుకు పడింది గాని చూపు నేల మీదే ఉండిపోయింది. వారం రోజుల ముసురు విడిచి ఎండ కాసిన ఉదయం అది. వీధి కాలువ పక్కన గరిక తలలెత్తింది. ఆ గరిక మీద, అంతకంటే పైకి లేచే ఓపిక లేనట్టు, నీలం తునకలాంటి ఒక బుల్లి సీతాకోక తడబడుతూ ఎగురుతోంది. నిస్సార్ ఆగాడు. అది వాలింది. వాలగానే నీలం మాయమైంది. రెక్కలు ముడుచుకున్నాక బయటికి కనిపించేది బూడిదరంగు, దాని మీద నల్లటి చుక్కలు. తెలియనివాళ్ళకు అక్కడితో చూడ్డం అయిపోతుంది. నిస్సార్‌కు అక్కడే మొదలవుతుంది.

వంగి, ఊపిరి బిగబట్టాడు. పై రెక్క ముందరి అంచున, సగం దూరంలో, అదనంగా ఒక చుక్క ఉందా? ఉంది. "చిట్టి గడ్డినీలి," అన్నాడు తనలో తాను. ఆ ఒక్క చుక్క లేకపోతే అది దాని అక్క, లేత గడ్డినీలి. అక్కచెల్లెళ్ళను కన్నతల్లి కూడా ఒక్కోసారి పొరబడుతుంది. చుక్క మాత్రం పొరబడనివ్వదు.

ఐరాల చుట్టుపక్కల పల్లెల్లో అతన్ని బిల్లు సాయిబు అంటారు. సన్నటి మనిషి. యాభై దాటాక భుజాలు కొంచెం ముందుకు వంగాయి. గోరింటాకు పెట్టిన పొట్టి గడ్డం, చెమటకు ఎప్పుడూ మెడకు అంటుకునే చొక్కా కాలరు, మెడలో కరెంటు ఆఫీసు కాంట్రాక్టరు ఇచ్చిన కార్డు. అతని చొక్కాలన్నిటికీ ఒకటే జబ్బు: మోచేతుల దగ్గర మట్టి. "నువ్వు కరెంటు బిల్లులు కొట్టేదానికి పోతా ఉండావా, నాట్లు వేసేదానికి పోతా ఉండావా?" అని అతని భార్య ఉమ్మే హబీబా ప్రతి ఉతుకులోనూ అడుగుతుంది. అడుగుతూనే ఆ మోచేతుల మీద సబ్బు రెండోసారి రుద్దుతుంది.

నిస్సార్ తండ్రి వలి బాషాకు చిత్తూరు బజారులో గడియారాల రిపేరు అంగడి ఉండేది. అంగడంటే మెట్ల కింది గూడు. కానీ దాని మీద తెలుగులో, ఉర్దూలో, అరవంలో మూడు వరసలుగా వలి బాషా పేరు ఉండేది. కంటికి నల్లటి గొట్టంలాంటి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును చిమటాతో పట్టుకుని ఆయన ఊపిరి ఆపేవాడు. పక్కన కూర్చున్న చిన్న నిస్సార్ కూడా ఆపేవాడు. పెద్దయ్యాక పని నేర్పమంటే తండ్రి కొన్నాళ్ళు చూసి, చిమటా వెనక్కి తీసుకున్నాడు.

"నీ చెయ్యి వణకతాది నాయనా. గడియారానికి పనికిరాదు," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట అంత లోతుకు దిగింది.

తర్వాత నిస్సార్ బట్టలకొట్లో తాన్లు విప్పాడు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోశాడు, చివరికి ఈ బిల్లుల పనిలో పడ్డాడు. తండ్రి పోయాడు. సెల్‌ఫోన్లు వచ్చి చేతి గడియారాలూ పోయాయి. అంగడి బోర్డు ఎవరు దించారో కూడా తెలియదు. నిస్సార్ పేరు మాత్రం ఎక్కడా పడలేదు. రోజంతా అతను చించి ఇచ్చే కాగితాల మీద కూడా పేరు ఉండదు, రీడరు నంబరు ఉంటుంది.

ఒకసారి ఒక పల్లెలో మీటరు అద్దం మీదే ఒక చిన్న సీతాకోకచిలుక వాలింది. తోలితే పోలేదు. అంకెలతోపాటు అది కూడా ఫొటోలో పడింది. సాయంత్రం ఇంట్లో ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూసి నిస్సార్ నోరు తెరిచాడు. గోధుమరంగు మీద తెల్లటి అలలు, కింది మూలలో రెండు నల్లటి కళ్ళు, వెనక వెంట్రుకంత తోక. తండ్రి బల్ల మీద మూత తెరిచిన గడియారం లోపల తప్ప అంత సన్నటి పని అతను ఎక్కడా చూడలేదు. అప్పుడు కూతురు సబియా తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఆ ఫొటోను తన జువాలజీ మేడం సుజనకు చూపించింది. "ఇది అలసంద నీలి. అలసంద పూలల్లో గుడ్లు పెడుతుంది. మీ నాయనకు ఇంకా ఏమైనా కనిపిస్తే పంపమను," అందట ఆమె.

ఆ ఒక్క మాట చాలింది. తండ్రి భూతద్దాన్ని రబ్బరు బ్యాండుతో ఫోనుకు బిగించాడు. చిత్రమూలం పూల మీద పులిచారల నీలిని ఫొటోలో పట్టాడు. తుమ్మచెట్ల చుట్టూ తిరిగే నీలిని పట్టాడు. సబియాను చూడబోయినప్పుడు అలిపిరి దగ్గర, గోవిందా గోవిందా అంటూ జనం మెట్లెక్కుతుంటే, దారి పక్కన బోర్లా పడుకుని ఇంకొకదాన్ని తీశాడు. ఎవరో ముసలామె అతను కళ్ళు తిరిగి పడ్డాడనుకుని నీళ్ళు చల్లింది. నీళ్ళకు ఎగిరిపోయింది సీతాకోక. "పైన వడ్డికాసులవాడు ఉండాడు, కింద నీకు పురుగు కావాల్సొచ్చిందా!" అని ఆమె నవ్వుతూ పోయింది.

తప్పులూ చేశాడు. ఒకసారి ఒక బుడత నీలిని పంపి, ఇదే మన దేశంలో అన్నిటికంటే చిన్న సీతాకోకల్లో ఒకటి, గడ్డిరత్నం, అని గొప్పగా రాశాడు. సుజన మేడం జవాబు మెత్తగానే ఇచ్చింది. "కాదండీ. గడ్డిరత్నానికి కింది రెక్క అంచున నారింజ పట్టీ, దాంట్లో నల్లటి చుక్కలు, ఒక్కో చుక్కలో మెరుపు ఉంటాయి. దాని శాస్త్రీయ నామంలో పుత్లి అనే మాట ఉంది." నిస్సార్ సిగ్గుపడి కొన్నాళ్ళు ఏమీ పంపలేదు. కానీ ఆ పేరు అతన్ని వదల్లేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళకు పుత్లి అంటే బొమ్మ. కంటిపాప కూడా పుత్లే. శాస్త్రం వాళ్ళు ఎక్కడో కూర్చుని పెట్టిన పేరులో తన అమ్మ మాట ఉండటం అతనికి చుట్టాల ఇంటి తలుపు తెరుచుకున్నట్టు అనిపించింది.

ఆ పుత్లి దొరికింది ఈ పల్లెలోనే, గోవిందయ్య గట్టు మీద. పోయిన ఏడాది.

ఊరి చివరి ఇంటి బిల్లు కొట్టేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఆ ఇల్లు గోవిందయ్యదే. తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. ఇంటి వెనక మామిడి తోపు, తోపు అవతల ఉలవచేను, రెండింటి మధ్య పొడుగాటి గట్టు. నిస్సార్ గొంతు సవరించుకుంటూ అటు నడిచాడు. సగం దూరంలోనే వాసన తగిలింది. గడ్డిమందు.

గోవిందయ్య వీపున మందు ట్యాంకు ఉంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, గట్టు ఈ కొస నుంచి కొట్టుకుంటూ వస్తున్నాడు. అవతలి కొసన, నడుముకు చెంగు దోపుకుని, అతని భార్య పోలేరమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఇంతవరకు కొట్టినావు, సాలు. ఈ పక్కకు రావొద్దు," అంటోంది.

"పురుగు కోసరం గట్టు ఇడిసిపెట్టమంటావా? నీకేమన్నా మతి ఉండాదా?" అని భార్యతో అని, నిస్సార్‌ను చూసి గోవిందయ్య తువ్వాలు కిందికి లాగాడు. "రాప్పా, రా. నువ్వే ఈమెకు ఈ పిచ్చి ఎక్కించినావు. నీకేం, బిల్లు కొట్టి పోతావు. నిన్న దూడ కాళ్ళకాడ రక్తపింజర కనపడింది. గడ్డి ఇంత పెరిగితే పాము యాడుండాదో తాడు యాడుండాదో ఎట్ల తెలిసేది? కోసేదానికి కూలోళ్ళు దొరకరు. మందు కొట్టక ఏం జెయ్యమంటావు?"

నిస్సార్ గట్టు మీద నడుము ఎత్తున పెరిగిన గడ్డిని చూశాడు. దాని కింద, అవతలి కొసన పోలేరమ్మ పాదాల దగ్గర, నేలకు అతుక్కుని చాపలా పరుచుకున్న మొక్కను చూశాడు. ఎర్రటి చిన్న చిన్న పూలు పూస్తుంది. నీలిమందు మొక్కకు చుట్టమట. పల్లెలో దానికి పేరు లేదు. మేకలు మాత్రం ఎరుగుతాయి. పుత్లి పుట్టేదీ పెరిగేదీ దాని మీదే.

"నువ్వు సెప్పేది నిజమేన్నా," అన్నాడు. "పాము భయం సిన్న భయం గాదు. పొడుగు గడ్డంతా నేను పీకేస్తాను. ఈ పరుచుకున్న మొక్క ఒకటి ఇడిసిపెట్టు. ఇది జానెడు గూడా లేవదు. దీంట్లో పాము దాక్కోలేదు."

"నువ్వు పీకేదేందప్పా? బిల్లాయనతో గట్టు పీకించినానని ఊరంతా నవ్వుకుంటారు."

"నవ్వితే నవ్వనీ," అంది పోలేరమ్మ. "ఆ ట్యాంకు దించు ముందు."

నిస్సార్ అప్పటికే సంచి మామిడికొమ్మకు తగిలించాడు. మిషను విప్పి సంచిలో పెట్టాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని గడ్డి కుదుళ్ళు రెండు చేతులా పట్టి లాగడం మొదలుపెట్టాడు. ముసురుకు నాని ఉన్న నేల, కుదురుకు కుదురు మట్టితో సహా వచ్చేస్తోంది. కాసేపటికి అరచేతులు ఎర్రబడ్డాయి. ఎడమ భుజంలో ఏదో నరం లాగింది. ఒకసారి చెయ్యి విదిలించుకుని మళ్ళీ వంగాడు.

గోవిందయ్య చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ట్యాంకు దించాడు. తర్వాత, ఎవరి మీదనో విసుక్కుంటూ, తానూ వచ్చి పక్కన కూర్చున్నాడు. పోలేరమ్మ కొడవలి తెచ్చింది. ముగ్గురూ కలిసి గట్టు బాగుచేశారు. పరుచుకున్న మొక్క దగ్గరికి వచ్చేసరికి గోవిందయ్య చెయ్యి దానంతట అదే నెమ్మదించింది. మధ్యలో దూరిన గరికను ఒక్కో పోచా ఏరి తీశాడు. పని పూర్తయ్యాక వెనక్కి జరిగి చూశాడు. ఒత్తుగా, పచ్చగా, అంచు కత్తిరించినట్టు మిగిలింది ఆ ముక్క.

"సక్కంగానే ఉండాది," అన్నాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

పోయిన ఏడాది పోలేరమ్మ కూడా మొదట నవ్వినదే. గట్టు మీద బోర్లా పడుకున్న సాయిబును చూసి, తాగినాడేమోనని మొగుణ్ణి కేకేసింది. అప్పుడు నిస్సార్ భూతద్దం ఆమె కంటికి పెట్టి, మొక్క మీద వాలి ఉన్న పుత్లిని చూపించాడు. వేలిగోరు కంటే చిన్నది. నారింజ పట్టీలో నల్లటి చుక్కలు, వాటి నడుమ ఎండకు తళుక్కుమనే పచ్చటి వెండి రవ్వలు. పోలేరమ్మ చాలాసేపు చూసింది. చూసి, తన ముక్కు మీద చెయ్యి వేసుకుంది.

"ఇంత పురుక్కి ముక్కుపుడక పెట్టి పంపించినాడు గదా నాయనా, దేవుడు!" అంది.

అప్పట్నుంచి మేకలు అటు పోకుండా కాస్తోంది. పేరంటానికి వచ్చినవాళ్ళను గూడా తీసుకొచ్చి చూపిస్తుందని గోవిందయ్య ఫిర్యాదు. "దీనికి నీలం యాడుండాది? పైన కూడా మట్టిరంగే గదా. నీలి జాతి అంటావే!" అని ఒకసారి అతను అడిగాడు. "ఇంటిపేరు నీలి అన్నా. ఒంటిరంగు ఏదైతే ఏం?" అన్నాడు నిస్సార్.

మధ్యాహ్నం పోలేరమ్మ పంచలో ముగ్గురూ తిన్నారు. వేడి సంకటి, వేరుశెనగల ఊరిబిండి, ఉలవచారు. నిస్సార్ సగమే తిన్నాడు. "ఎండదెబ్బ తగిలినట్టుండాది," అన్నాడు. పోలేరమ్మ మజ్జిగ ఇచ్చింది. గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట సన్నగా పూసలు కట్టింది. భుజం ఇంకా లాగుతూనే ఉంది. గడ్డి పీకడం అలవాటు తప్పిన పని మరి.

ఫోను మోగింది. సబియా. ఇప్పుడు అదే కాలేజీలో ల్యాబులో పని చేస్తోంది.

"అబ్బా, తిన్నావా?"

"తిన్నాను. ఉలవచారు."

"వచ్చే వారం కాలేజీలో ఎగ్జిబిషన్ ఖాయమైంది. ఒక గోడంతా నీ ఫొటోలే. చిత్తూరు జిల్లా నీలి సీతాకోకలు అని మేడం పైన రాయిస్తా ఉంది." ఆమె గొంతులో దాచుకోలేని సంతోషం. "పుత్లి ఫొటో ఒకటే మేడంకు తృప్తిగా లేదు. చుక్కల్లో మెరుపు పడలేదంట. పోనీ, అదే పెడదాం అంటోంది."

"సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితేనే మెరుస్తాది. వారమంతా మబ్బు గదా. ఈ రోజు చూస్తాను."

"ఇంకోటి. ప్రతి ఫొటో కింద పేరు వేస్తారు. ఎట్ల వెయ్యమంటావు? ఒట్టి నిస్సార్ అంటే చాలా?"

నిస్సార్ పంచ అవతలికి చూశాడు. గోవిందయ్య చేతులు కడుక్కుంటున్నాడు. దూరంగా చెరుకుతోట మీద గాలి నడుస్తోంది. పేరు అడిగేవాళ్ళు లేకుండానే ఇంతకాలం గడిచిపోయింది. ఇప్పుడు అడుగుతున్నారు, అదీ ఎలా రాయాలని.

"వలి బాషా కొడుకు నిస్సార్ అని వెయ్యి," అన్నాడు.

"సరే అబ్బా," అంది సబియా. "అట్లనే వేయిస్తాను."

ఎండ పడమటికి వాలాక నిస్సార్ గట్టు దగ్గరికి వెళ్ళాడు. పోలేరమ్మ వెంట వచ్చి కొంచెం దూరంలో నిలబడింది, తన నీడ మొక్క మీద పడకుండా. ఎలా నిలబడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు; చూసి నేర్చుకుంది.

చాలాసేపు ఏమీ కదల్లేదు. మందు వాసన ఇంకా కొంచెం ఉంది. ఇటువైపు రాలేదు గదా అని నిస్సార్ ఆకుల మీద తడి కోసం వెతికాడు. తర్వాత, ఎర్రపూల మధ్య, ఒక పిసరు ఎగిరింది. వాలింది. రెక్కలు మూసి, ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా రుద్దుకుంటూ ఆకు చివరకు నడిచింది.

నిస్సార్ భుజం మీది పచ్చగళ్ళ తుండుగుడ్డను నేల మీద పరిచి, దాని మీద మోకాళ్ళు ఆనించి ఒంగాడు. మోచేతులు నేలకు ఆనించాడు. ఫోను ముందుకు జరిపాడు, వెంట్రుకవాసి, వెంట్రుకవాసి. ఊపిరి ఆపాడు. ఏటవాలు ఎండ మామిడి కొమ్మల సందుల్లోంచి వచ్చి, సరిగ్గా ఆ చిన్న రెక్క అంచును తాకింది. చుక్కలు వెలిగాయి. పచ్చగా, వెండిలా, నిప్పురవ్వల్లా. చెయ్యి వణకలేదు. అసలు చెయ్యి ఉన్నట్టే లేదు.

తీశాడు. మళ్ళీ తీశాడు. లేచి కూర్చుని, పెద్దది చేసి చూశాడు. ఒక్కో పొలుసూ విడివిడిగా కనిపిస్తోంది. నారింజ పట్టీ, నల్లటి చుక్కలు, చుక్కచుక్కలో మెరుపు. ఎక్కడా మసక లేదు.

"పడిందా నాయనా?" అంది పోలేరమ్మ గుసగుసగా.

"పడిందమ్మా. రా, సూడు."

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. చూసి, కొంగుతో ఫోను అద్దం తుడవబోయి, తుడిస్తే చెరిగిపోతుందేమోనని ఆగిపోయింది. "మా గట్టుదే," అంది.

"మీ గట్టుదే. మీరు కాపాడిందే." నిస్సార్ నవ్వాడు. మట్టి కొట్టుకుపోయిన తన చేతిని ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మా నాయన ఈ చెయ్యి వణకతాది అనేవాడమ్మా. ఈ ఫొటో చూసింటే ఏమనేవాడో!"

ఫొటోను సబియాకు పంపాడు. సిగ్నలు సరిగ్గా లేక చక్రం తిరుగుతూ ఉంటే, "మెల్లగా పోతాదిలే," అన్నాడు. పోలేరమ్మ మేకలను తోలుకురావడానికి తోపు అవతలికి వెళ్ళింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎండ పసుపు తిరిగింది. గట్టు మీద నిస్సార్ మళ్ళీ ఒంగి ఉన్నాడు. మోకాళ్ళు తుండుగుడ్డ మీద, మోచేతులు నేల మీద, తల మొక్కకు దగ్గరగా. పోలేరమ్మ వెంటనే ఆగింది. ముందున్న మేక మెడగంటను చేత్తో పట్టుకుంది. మిగతావాటిని కొమ్మ అడ్డం పెట్టి నిలిపింది.

డెయిరీలో పాలు పోసి గోవిందయ్య బండి మీద వస్తున్నాడు. ఆమె దూరం నుంచే చెయ్యి ఊపింది. అతను ఇంజను ఆపి, నడిపించుకుంటూ వచ్చాడు.

"ఏం జేస్తా ఉండాడు ఇంకా?"

"సద్దు జెయ్యొద్దు. ఇంకోటి వచ్చిందేమో."

ఇద్దరూ నిలబడ్డారు. మేకలు కూడా ఎందుకో నిలబడ్డాయి. గాలికి ఉలవతీగలు కదులుతున్నాయి. నిస్సార్ కదల్లేదు. అతను పడమటివైపు తిరిగి ఉన్నాడని గోవిందయ్య గమనించాడు.

"నమాజేమో," అన్నాడు మెల్లగా. "యాలయ్యింది గదా."

"అయితే ఇంకా కదలొద్దు," అంది పోలేరమ్మ.

ఇంకాసేపు నిలబడ్డారు. గడ్డిలో ఫోను మోగింది. నిస్సార్ తీయలేదు. నమాజులో తీయరు కదా అనుకున్నారు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అప్పుడు గోవిందయ్య బండిని మామిడిచెట్టుకు ఆనించి, చెప్పులు విడిచి, గట్టు మీదికి నడిచాడు. వంగి భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఉండిపోయాడు. పోలేరమ్మ చేతిలోంచి మేకగంట జారి మోగింది.

ఫోను అద్దం మీద సబియా పేరు వెలుగుతోంది. ఫొటో చేరిందని చెప్పడానికి చేసింది ఆమె. తీసిన గోవిందయ్యకు మొదట వినిపించింది ఆ పిల్ల నవ్వే.

నిస్సార్‌ను చిత్తూరులో మట్టి చేశారు. ఐరాల వైపు పల్లెల నుంచి ఆటోల్లో, బండ్ల మీద జనం వచ్చారు. ఒక కాంట్రాక్టు బిల్లాయనకు ఇంతమంది ఎవరని వీధిలో వాళ్ళు అడిగారు. ఉమ్మే హబీబా లోపలి గదిలో, ఇంకా ఉతకని చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ మోచేతుల మట్టిని ఎవరినీ దులపనివ్వలేదు.

"నేనే ఆ గడ్డి పీకించినాను," అని గోవిందయ్య గడప దగ్గర నిలబడి అన్నాడు. ఆమె తలెత్తి చూసింది.

"నువ్వు పీకించేదేందన్నా? ఆయన ఇష్టపడి పీకినాడు," అంది. "ఇష్టం లేని పని చేసే మనిషి కాదు."

ఎగ్జిబిషన్‌ను సుజన వాయిదా వేద్దామంది. సబియా వద్దంది.

తిరుపతి కాలేజీ హాల్లో ఆ గోడ ముందు ఆడపిల్లలు గుంపులుగా నిలబడ్డారు. పులిచారల నీలి, అలసంద నీలి, చిట్టి గడ్డినీలి. నడుమ, అన్నిటికంటే చిన్నదాన్ని అన్నిటికంటే పెద్దది చేసి పెట్టారు. నారింజ పట్టీలో నల్లటి చుక్కలు, చుక్కచుక్కలో వెలుగు. కింద, తెల్లటి అట్ట మీద, వలి బాషా కొడుకు నిస్సార్. ఉమ్మే హబీబా బురఖా సర్దుకుని దగ్గరికి వెళ్ళి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే దాటించుకుంటూ చివరివరకు చదివింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. చదవడం అయ్యాక వెనక్కి తిరిగి, నిటారుగా నిలబడి, గదిలోని అందరినీ ఒకసారి చూసింది. ఏడవలేదు.

పోలేరమ్మ కొత్త చీర కట్టుకుని బస్సులో వచ్చింది. "ఇది మా గట్టుదే," అని వచ్చిన ప్రతి పిల్లకూ చెప్పింది. "దీని పేరు పుత్లి. ఈ మెరిసేవి సూసినారా? ముక్కుపుడకలు. ఎండ వాలినాక రావాల. నీడ పడకుండా నిలబడాల. వస్తే నేను సూపిస్తా." గోవిందయ్య వెనక నిలబడి, తల ఊపుతూ, "గట్టుకు మందు కొట్టం మేము," అన్నాడు.

ఆ గట్టు మీద ఇప్పుడు రెండు కంపకొయ్యలు పాతి ఉన్నాయి. అవతలి రైతులు ఎవరైనా పొరపాటున మందు కొట్టబోతే కనిపించాలని, వాటి మధ్య పోలేరమ్మ ఒక తుండుగుడ్డ కట్టింది. ఆ సాయంత్రం నిస్సార్ మోకాళ్ళ కింద పరుచుకున్నది అది. హడావిడిలో ఎవరూ తియ్యక అక్కడే ఉండిపోయింది. పచ్చగళ్ళ పాత గుడ్డ, అంచులు పీలికలైంది. ఆమె దాన్ని రెండుసార్లు ఉతికింది. గాలికి అది తెరచాపలా నిండినప్పుడు, రెండు మోకాళ్ళ మట్టిమరకలు, పక్కపక్కనే, ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి.